బాలింత మనసునూ పట్టించుకోవాలి
(మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

2013 సెప్టెంబరులో ముజఫర్‌నగర్ అల్లర్ల వేళ దాదాపు 50 వేల మంది ఇళ్లు విడిచి శిబిరాలలో తలదాచుకున్నారు. వారిలో గర్భిణులున్నారు. ఆ చలికాలంలో శిబిరాలలోనే బిడ్డలు పుట్టారు. మన ఇళ్లలో బాలింతకు నలభై రోజుల చిల్లా ఉంటుంది. వేడినీళ్లు, పథ్యం, పక్కన తల్లో అత్తో. ఆ స్త్రీలకు చిల్లా గడపడానికి ఒక గోడ కూడా లేదు. ప్రాణనష్టం లెక్కించాం, ఆస్తినష్టం లెక్కించాం. తల్లిని పట్టిన భయం బిడ్డ దాకా చేరుతుందేమోనని మనలో ఎందరం అడిగాం?

అది ఉత్త ఊహ కాదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలలో, వాటి పరిసరాలలో ఉన్న 38 మంది గర్భిణులను, తరువాత వారి బిడ్డలను రేచల్ యెహుదా బృందం పరిశీలించింది. భయం వదలక రుగ్మతగా మారిన తల్లుల లాలాజలంలో, ఒత్తిడిని తట్టుకొనేందుకు శరీరం విడుదల చేసే కార్టిసాల్ తక్కువగా కనిపించింది. ఏడాది వయసున్న వారి బిడ్డలలోనూ అదే తీరు. నెలలు నిండుతున్న దశలో ఆ ఘోరాన్ని చూసిన తల్లుల బిడ్డలలో ఇది మరింత స్పష్టం. 38 చిన్న సంఖ్యే. దానినిబట్టి ఏ బిడ్డ భవితవ్యమూ తేల్చరాదు.

కాన్పు తరువాతి సంగతి మరొకటి. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త, బిడ్డతో ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండమన్నాడు. బిడ్డ నవ్వింది, చేతులు చాచింది, చివరకు ముఖం తిప్పుకొని ఏడ్చింది. తల్లి మళ్లీ పలకరించగానే మెల్లగా ఆమె వైపు తిరిగింది. దిగులుతో తల్లి ముఖం వారాల తరబడి బిగుసుకుపోతే? అప్పుడు నానీ, దాదీ ఒడి ఎంతో అవసరం. అయితే తల్లికి చికిత్స అందాలి, ఒడి మారినంత మాత్రాన సరిపోదు.

“నీ దిగులే బిడ్డకు తగిలింది” అని కోడలిని అనేవారున్నారు. గాయపరచినవాడిని వదిలి, గాయపడినదానిని నిందించడం జుల్మ్.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 21వ సెక్షన్ గుర్తుంచుకోండి. మానసిక చికిత్సకై ఆసుపత్రిలో చేరిన తల్లి నుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదు. టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ ఉచితంగా సలహా దొరుకుతుంది.

కార్యకర్తలకు నా విన్నపం: ఏ సహాయ శిబిరానికి వెళ్లినా బియ్యం, దుప్పట్ల జాబితాతో పాటు గర్భిణుల, బాలింతల జాబితా విడిగా రాయండి. వారికి పరదా కట్టిన చోటు, రాత్రి తోడుండే ఒక పెద్దామె, మనసు వైద్యుడు కావాలని అధికారులకు ఇచ్చే మొదటి అర్జీలోనే చేర్చండి.