గుళికలో దాచిన వేడి

చలికాలపు ఉదయమున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుట మనమందరము ఎరిగినదే. ఎండ తగిలినచో కరగును. చల్లబడగా మరల పేరుకొనును. కరుగునపుడు అది కొంత వేడిని గ్రహించును, పేరుకొనునపుడు ఆ వేడినే వెలికి విడుచును. అంతసేపును నూనె ఉష్ణోగ్రతలో పెద్దగా మార్పు కానరాదు. కనుకనే దానికి గుప్తోష్ణమని పేరు.

పగటి ఎండను ఇట్లు దాచి రాత్రికి వాడుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు ఒక ఇంటినే కట్టించి సమాధానము వెదకిన విదుషి మరియా టెల్కెస్. ఆమె 1900లో బుడాపెస్టున జన్మించి అమెరికాలో పనిచేసిన శాస్త్రవేత్త. 1948లో మసాచుసెట్సు రాష్ట్రమందలి డోవరులో ఆ ఇల్లు లేచినది. రూపకల్పన చేసినది ఎలినార్ రేమండ్, ధనమిచ్చినది అమీలియా పీబడీ. మువ్వురును స్త్రీలే యగుట ఆ కాలమునకు వింతయే. దక్షిణపు అద్దముల వెనుక వేడెక్కిన గాలిని లోహపు డబ్బాలున్న అరలలోనికి పంపిరి. ఆ డబ్బాలలో నున్నది గ్లాబరు లవణము; వైద్యులు విరేచనమునకు ఇచ్చుచుండిన ఉప్పే! అది సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగుచు, గ్రాము ఒక్కింటికి దాదాపు 60 కాలరీలు గ్రహించును. అంత వేడిని గ్రాము రాతిలో దాచవలెనన్న దానిని 300 డిగ్రీల మేర వేడిచేయవలసి యుండును.

మొదటి రెండు చలికాలములు బాగుగనే గడచినవి. పిదప ఇల్లు చల్లబడసాగెను. అందు కాపురమున్నది టెల్కెస్ బంధువులే. చలికి ఓర్చినదియు వారే. కారణమేమి? ఈ లవణము కరుగుట యనగా తన స్ఫటికములలోని నీటిలో తానే కరుగుట. ఆ నీరు ఉప్పునంతటిని కరిగింపజాలదు. మిగిలినది అడుగున దిగును. చల్లారునపుడు పైనున్న నీరును అడుగునున్న ఉప్పును తిరిగి కలియవు. మరియొక చిక్కు, చల్లబడినను స్ఫటికము కట్టకపోవుట. దీనికి వెలిగారము చేర్చు ఉపాయమును టెల్కెసే చూపెను. మొదటి చిక్కు మాత్రము మొండిది. కొన్ని ఏండ్లకే డబ్బాలను తొలగించి మామూలు తాపన యంత్రమును పెట్టిరి.

తప్పు ఉప్పుది మాత్రమే కాదు, పాత్రదియు ననియే మా యభిప్రాయము. లోతైన డబ్బాలో విడిపోయినవి చిన్న గుళికలో దూరముగా పోజాలవు. నేడు పారఫిను మైనపు బిందువులను ప్లాస్టిక్ వంటి పలుచని పొరలో బంధించి, మిల్లీమీటరులో నూరవవంతు కంటెను చిన్నవిగా చేసి, గోడపూతలో కలుపుచున్నారు. మైనము వేడిని మెల్లగా ప్రసరింపజేయు వస్తువు. కాని సెంటీమీటరు ఉండను అంత చిన్న గుళికలుగా చేసినచో ఉపరితలము వేయిరెట్లు పెరుగును. కరిగినను కారిపోదు. అయితే పొర తావును ఆక్రమించునే గాని గుప్తోష్ణమును దాచదు. కరుగునపుడు మైనము ఉబ్బుటకు అది ఓర్వవలెను. ధరయు తక్కువ కాదు.

మనకు కావలసినది వెచ్చదనము కాదు, చల్లదనము. 26 డిగ్రీల వద్ద కరగు మైనము గోడలో నున్నచో పగటి వేడిని త్రాగును. కాని రాత్రి గాలి అంతకంటె చల్లబడిననే గాని అది మరల పేరుకొనదు. బెజవాడలో మే నెల రాత్రులనేకము అట్లు చల్లబడవు. అట్టి రాత్రి గడచిన మరునాడు ఆ గోడ మామూలు గోడయే. మదనపల్లెలో చక్కగా పనిచేయు గుళిక బెజవాడలో పనికిరాకపోవచ్చును.