పాత ఇల్లు కొనేముందు



కొండపల్లి బొమ్మలకు రంగులద్దే చేతుల్లో ఆడవాళ్ళవెన్నో. ఇళ్ళ కాగితాల మీద మాత్రం వాళ్ళ పేర్లెన్ని?

పాత ఇల్లు కొనేటప్పుడు గోడల్లో నెమ్ము, దూలాలకు చెద చూస్తాం. ఇ.సి. తీయిస్తాం. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. కూతురి హక్కు కనిపించదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్, మగ వారసులు పంచుకోదలిస్తే తప్ప, వాళ్ళు కాపురముంటున్న ఇంట్లో ఆడపిల్లను వాటా పంచమని అడగనివ్వలేదు. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చినా, అప్పటికే పెళ్ళయినవారిని వదిలేసింది. 2005 కేంద్ర సవరణతో ఆ రెండు అడ్డంకులూ పోయాయి. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలను మాత్రం ఆ సవరణ కదిలించదు. తండ్రి 2005కి ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకని ఇల్లు పిత్రార్జితమా, స్వార్జితమా అని అడగండి. స్వార్జితమైనా, తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతుళ్ళూ వారసులే. లింకు దస్తావేజులతోపాటు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూడండి. వాటా ఉన్న ప్రతి కూతురూ, పెళ్ళయి వెళ్ళినా సరే, సంతకం చేయాలి. లేదా ఆమె రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అన్న నోటిమాట చాలదు.

ఆ సంతకం లేకపోతే రేపు కోర్టు నోటీసు మన గుమ్మానికే వస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఇంకో స్త్రీకి దక్కాల్సిన గదిలో మనం పొయ్యి వెలిగించినట్టవుతుంది.