దుమ్ముగూడెం దగ్గర మొదలైన నడక
(యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

విశ్వాసంలో నిలకడ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందే ఒక సంగతి. మన కోయ గూడేల్లో వేల్పులను కొలిచేవారున్నారు, క్రీస్తును నమ్మినవారున్నారు. ఒకే ఇంట్లో అన్న ఇటు, తమ్ముడు అటు ఉన్నదీ చూస్తున్నాం. ఎవరినీ మతం మారమని చెప్పడానికి మేము ఇక్కడ నిలబడలేదు. నమ్మిన ఇళ్లలో పుట్టిన పిల్లలు చదువుకనో కొలువుకనో ఊరు దాటాక ఆ విశ్వాసంలో ఎలా నిలబడతారన్నదే మా దిగులు. మిగతావారు విన్నా నష్టం లేదు.

దుమ్ముగూడెం ఆనకట్ట మీలో చాలామంది చూసే ఉంటారు. భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకు పోతే వస్తుంది. దాన్ని పొలాలకు నీళ్లివ్వడానికి కట్టారని అనుకుంటాం, కాదు. ఆర్థర్ కాటన్ కాలంలో గోదావరి మీద పడవలు పైకి, నాగపూర్ వైపు పత్తి పండే నేలల దాకా నడపాలని పెద్ద ఆలోచన చేశారు. నదిలో రాతి అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి. మొదటి అడ్డంకి దగ్గర ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టారు. ఆ పనులు చూసింది కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు. చుట్టూ ఉన్న కోయవారికి సువార్త చెప్పేవారు లేరని బాధపడి మిషన్ వారికి కబురు పెట్టింది కూడా ఆయనే. అలా 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో పని మొదలైంది.

మొదట ఈ అడవిలో తిరిగి చెప్పినవాడు తెల్లదొర కాదు. వెంకటరామరాజు అనే తెలుగువాడు. ఆ నది పనుల్లోనే మంచి ఉద్యోగంలో ఉండేవాడు. నమ్మి, బాప్తిస్మం తీసుకుని, జీతం వదులుకుని కోయ గూడేల బాట పట్టాడు. ఈ సంగతి మన పిల్లలకు పెద్దగా తెలియదు. తెలియాలి.

పడవల పథకాన్ని 1871లో ఆపేశారు. ఖర్చు ఎక్కువైంది, రైళ్లు వస్తున్నాయి, నది మీద డబ్బు పోయడం ఎందుకనుకున్నారు. కూలీలు వెళ్లిపోయారు, అధికారులు వెళ్లిపోయారు. ప్రార్థన మాత్రం ఆగలేదు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అనే పాదిరి, జ్వరాలకు పేరుపడ్డ ఆ ఏజెన్సీలో దశాబ్దాల తరబడి ఉండిపోయాడు. మన భాష నేర్చుకుని సువార్త భాగాలను కోయలోకి తెచ్చాడు. మన గట్టుల గురించి, పెళ్లిళ్ల గురించి, పండుగల గురించి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో రాశాడు. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన కులాలు, తెగల పుస్తకంలో కోయల గురించి ఉన్నదాంట్లో చాలా భాగం కెయిన్ రాతల నుంచి తీసుకున్నదే. దొర కళ్లతో చూసి రాసినవి కాబట్టి కొన్ని మాటలు మనకు రుచించవు, అది వేరే సంగతి.

ఇంతకీ అన్నేళ్ల కష్టానికి ఫలితం ఏమిటి? మొదటి దశాబ్దాల్లో కోయవారిలో నమ్మినవారు చాలా కొద్దిమంది. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది వేరే కులాలవారు. ఈ కాలంలో అయితే అలాంటి పనిని రెండేళ్లకే మూసేస్తారు. వాళ్లు మూసేయలేదు. పోడు కొట్టినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. చెట్టు నరికిన రోజే పంట రాదని మన తాతలకు కోపం వచ్చేది కాదు.

లూకా సువార్త ఎనిమిదో అధ్యాయంలో విత్తువాని ఉపమానం ఉంది. అందులో రాతినేల మీద పడిన గింజను గమనించండి. మొలవలేదా అంటే మొలిచింది. సంతోషంగానే మొలిచింది. వేరు లేక ఎండిపోయింది. మంచి నేల గురించి చెప్పేటప్పుడు యేసు ఓపిక అనే మాట వాడాడు. ఓపికతో ఫలించేవారు అన్నాడు. మూడు రోజుల ఉజ్జీవ కూటాలు, పెద్ద పందిరి, సౌండ్ బాక్సులు, కన్నీళ్లు, తీర్మానాలు... ఇవి వద్దని మేము అనం. మేమూ వెళ్తాం. కానీ కూటం ముగిసి పందిరి విప్పేశాక వచ్చే మంగళవారం నువ్వు ఏం చేస్తావన్నది మాకు ముఖ్యం. ఆ రోజు పాట ఉండదు. హాస్టల్ గదిలో నలుగురు నవ్వుతుంటారు.

కొత్తగూడెం రైలు ఎక్కినవారికి డోర్నకల్ జంక్షన్ తెలుసు. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఊరు తమిళనాడు తిరునెల్వేలి వైపు. పెద్దవాడయ్యాక తెలుగు నేర్చుకుని ఎద్దుల బండి మీద ఊళ్లు తిరిగాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెతడ్రల్ కట్టడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. డబ్బు వచ్చినప్పుడు కట్టారు, రానప్పుడు ఆగారు. అజరయ్య ఇవ్వడం గురించి చాలా బోధించాడు, పుస్తకం కూడా రాశాడు. నేర్చుకున్నది ఎవరు? కూలికి పోయే ఆడవాళ్లు. ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం ఆ కుండ గుడికి తేవడం. ఇప్పటికీ మన సంఘాల్లో చూస్తాం. పిడికెడు బియ్యంతో ఎవరి ఇల్లూ గుల్ల కాదు. అయితే రోజూ తీయాలి. జ్వరం వచ్చిన రోజూ, మగడు తాగి వచ్చిన రోజూ తీయాలి. నిలకడ అంటే ఏమిటని ఎవరైనా మమ్మల్ని అడిగితే ఆ కుండ చూపిస్తాం.

ఇప్పుడు మీకు ఎదురయ్యే రెండు చిక్కులు.

క్రైస్తవుడివైతే నీ ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కాలేజీలో భయపెడతారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, ఈ రెండూ కలిపి మాట్లాడేవారు ఎక్కువ. 2004లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం దానంతట అదే పోదని చెప్పింది. కానీ ఆ మనిషి తన తెగ ఆచార వ్యవహారాలను ఇంకా పాటిస్తున్నాడా అన్నది కూడా చూడాలంది. ఆ రెండో మాట జాగ్రత్తగా వినండి. మన గట్టు ఏదో తెలియని, కోయలో రెండు ముక్కలు మాట్లాడలేని, ఊరి పెద్దను పలకరించని క్రైస్తవ పిల్లవాణ్ని చూస్తే మాకు బెంగగా ఉంటుంది. గుడిలో పెళ్లి చేసినా గట్టు చూసే సంబంధం కలుపుకుంటాం కదా. విత్తనాల పండుగలో బలి దగ్గర నిలబడలేను అంటావా, అది నీ మనస్సాక్షి, గౌరవిస్తాం. అలాగని ఆ వారమంతా మేనమామ గుమ్మం తొక్కకపోవడం ఏ వాక్యంలో ఉంది? కట్టెలు కొట్టిపెట్టు. ముసలమ్మకు నీళ్లు తెచ్చిపెట్టు. గుడిలో డోలు వాడొచ్చా వద్దా అని మన కాపరుల్లోనే తేడాలున్నాయి. మాకైతే డోలు తప్పుగా కనిపించదు.

రెండోది నీళ్లు. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది, 2022 జులైలో 71 దాటింది. వరద వస్తే వారం పదిరోజులకు తీస్తుంది, గుడిలో బురద ఎత్తిపోసుకుని మళ్లీ చాప పరుచుకోవచ్చు. పోలవరం ముంపు అలా కాదు. 2014లో ఆంధ్రలో కలిసిన మండలాల్లో, కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు, ఊళ్లకు ఊళ్లే లేచి పునరావాస కాలనీలకు పోతున్నాయి. కాలనీలో మూడు ఊళ్లవాళ్లు ఒకే వీధిలో ఉంటారు. ఇల్లు ఇస్తారు, నంబరు ఇస్తారు. ఇప్పచెట్టు ఇవ్వరు, కలిసి కూర్చున్న సంఘాన్ని ఇవ్వరు. దాన్ని మనమే మోసుకుపోవాలి. పెద్ద గుడి కట్టేదాకా ఆగకండి. ఎవరి వసారా అయినా చాలు, ముగ్గురు చాలు, వారం తప్పకుండా ఉంటే చాలు.

ఒక పని అప్పగిస్తున్నాం. కోయలో ప్రార్థన చేసే అవ్వలు, తాతలు ఇంకా కొందరు ఉన్నారు. పండుగ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, అడిగి, ఫోన్‌లో రికార్డు చేయండి. వేల్పుల కథలు చెప్పే పెద్దల గొంతు కూడా అలాగే ఎక్కించండి, అవి కూడా మన ఇంటివే. వచ్చే ఏడాది సభకు అవన్నీ తెండి, ఇక్కడ కూర్చుని విందాం.