సానియా మణికట్టు

సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే గ్రౌండ్ల పక్కన పెరిగినవాళ్లకు ఆటగాళ్లు కొత్త కాదు. అయినా 2005 ఫిబ్రవరిలో జంట నగరాలు ఒకే పేరు పలికాయి: సానియా మీర్జా. సొంత ఊరు హైదరాబాద్‌లోనే టెన్నిస్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. భారత మహిళల్లో అదే మొదటిది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు.

అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. దాంతో పాటే ఆమె ఆడే దుస్తుల మీద రగడ. 2007లో సింగిల్స్ ర్యాంకు 27కి చేరింది. ఆమె బలమంతా ఫోర్‌హ్యాండే. దాన్ని ఆడే మణికట్టే మొరాయించింది, శస్త్రచికిత్స తప్పలేదు. 2008లో వివాదాలతో విసిగి బెంగళూరు టోర్నీకి రానంది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలోనే తప్పుకుంది. శస్త్రచికిత్స తప్పలేదు.

2012లో ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఎవరు ఎవరితో జోడీగా ఆడాలన్న గొడవలో తనను ఎరగా వాడారని బాహాటంగానే అంది. అనాల్సిన మాటే అది, నన్నడిగితే.

2013లో సింగిల్స్ మానేసింది. డబుల్స్‌లో పరుగు తగ్గుతుంది, ఫోర్‌హ్యాండ్ పదును మాత్రం పనికొస్తుంది. నెట్ దగ్గర జోడీ మార్టినా హింగిస్, వెనక సానియా: 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. 2015 ఏప్రిల్‌లోనే డబుల్స్ నంబర్ వన్ అయింది. 2018లో తల్లయింది, 2020 జనవరిలో హోబర్ట్‌లో మళ్లీ టైటిల్ కొట్టింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ ఆడింది. తొలి రౌండులోనే ఓడిపోయింది.