రంగు రికార్డులు

రికార్డు అనగానే నల్లని ప్లేటు మన కన్నులముందు నిలుచును. కాని వినైల్ పదార్థమునకు తనదైన రంగు లేదు. కార్బను కలుపుటచేతనే అది నల్లనగును. 1949లో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీ నిమిషమునకు 45 చుట్లు తిరుగు ఏడంగుళాల రికార్డును తెచ్చి, సంగీతభేదమును బట్టి ఏడు రంగులలో విడుదల చేసినది. ఇరువైపుల చెరొక పాట గల ఇట్టి రికార్డునే సింగిల్ అందురు.

తరువాత చిన్న కంపెనీల చేతిలో రంగు అరుదైన ప్రతికి గుర్తైనది. సియాటిల్ నగరములోని సబ్‌పాప్ సంస్థ 1988 నవంబరులో సింగిల్స్ క్లబ్బును ప్రారంభించినది. చందాదారులు ముందుగా సొమ్ము చెల్లించెడివారు. నెలనెలా ఒక రాక్ బృందపు సింగిల్ తపాలాలో వచ్చెడిది. ఆ సొమ్ము పేరెరుగని బృందములకు ఆసరా అయినది. మొదటిది నిర్వాణా బృందముది. వేయి ప్రతులకు చేతితో అంకెలు వేసిరి. తరువాతి వానిలో పెక్కు రంగులవి, ఇది నల్లనిదే. అయినను సేకరించువారు నేటికిని దీనికై వెదకుచుందురు.

రేడియోకేంద్రములో రికార్డుల నడుమ పనిచేయు మేము వారికి చేయు మనవి ఒక్కటే. ముల్లు సోకిన గాడి అరుగుననుట నిజమే. అయినను కవరు విప్పక దాచిన పాటను ఎవరు విందురు? చందా కట్టి ఆ బృందములను నిలిపినది వినవలెనను కోరికయే గదా! అప్పుడప్పుడైనను ఆ రికార్డులను తీసి వినుడు.