ముట్టుకోని వైద్యం మనకొద్దు



నా దగ్గర చదువుకున్న ఒక బిడ్డ ఇయ్యాల హిజ్రా. జొరమొస్తే నేనే సర్కారు దవాఖానకు తీస్కపోయిన. మగవాళ్ల లైన్లో నిలబడితే మగవాళ్లు నవ్వారు, ఆడవాళ్ల లైన్లో నిలబడితే ఆడవాళ్లు తరిమారు. డాక్టరు నాడి పట్టలేదు. దూరం నుంచే చీటీ రాసి విసిరిండు. మా నాయనకు హోటల్లో వేరే గ్లాసు పెట్టిన చెయ్యే అది! "సారూ, చచ్చినా మళ్లీ ఇక్కడికి రాను" అంది బిడ్డ.

హెచ్‌ఐవి పెరిగేది ఇక్కడే. దవాఖానకు రాకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే మందు లేదు. 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ఉచితం. రోజూ మింగితే, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిస్తే, సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు. అంటే వైద్యమే నివారణ. మనిషిని గెంటిన దవాఖాన రోగాన్ని పెంచినట్టే.

స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోకుండా హెచ్‌ఐవి పరీక్ష చెయ్యరాదని, గుట్టు బయటపెట్టరాదని 2017 చట్టం. ట్రాన్స్‌జెండర్లకు వైద్యం నిరాకరించరాదని 2019 చట్టం. చట్టాలున్నయి, గడప దాటనిచ్చే మనసే లేదు.

మనం అడిగేది మూడే. డాక్టరు నుంచి చీటీ రాసే మనిషి దాకా అందరికీ శిక్షణ ఇవ్వాలి. నిరోధ్‌లు, పరీక్షలు ప్రశ్నల్లేకుండా అందాలి. వాళ్లలోంచే కార్యకర్తల్ని జీతమిచ్చి పెట్టుకోవాలి.

మరి మన వాడల్లో? "కొజ్జా" అనే తిట్టు మన నోట్లోనూ ఉంది. అంటరానితనం అనుభవించినోళ్లం, ఇంకొకరిని అంటరానోళ్లను చేద్దామా? ముందు మనం మానుదాం. తర్వాత ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని, అందరం కలిసి అదే దవాఖాన మెట్లెక్కుదాం.

జై భీమ్!