కొండాపూర్ యువకులు – వారి స్వంత కృతులు



1998 నవంబరు 22వ తేదీన ప్రధాని వాజపేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్సును ప్రారంభించిరి. పిమ్మట ప్రక్కనున్న కొండాపూర్ గ్రామము నగరములో నొక పేటయైనది. మన బిడ్డలనేకు లచ్చట సాఫ్టువేరు ఇంజనీర్లై యున్నారు. అమీర్‌పేటలో శిక్షణ, కొలువు, పదోన్నతి, వీలైనచో అమెరికా – ఈ మార్గము మనకందఱకును కంఠస్థమే. పెండ్లిచూపులలో జీత మడుగుదుము గాని, "నాయనా, నీ యంతట నీవేమి వ్రాసితివి?" అని యడుగము.

మన కాపీరైటు చట్టము కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతిగా నెంచుచున్నది. అయితే వేఱు ఒడంబడిక లేనిచో, ఉద్యోగములో భాగముగా వ్రాసినది యజమానిదే. పదియేండ్లు వ్రాసినను తనదని చూపుట కొక్క పుటయు మిగులదు. కొలువు పోయిననాడు ఈ లోటు తెలియును. కావున తీరికవేళ, స్వంత యంత్రముపై వ్రాసుకొన్నదే వారి కృతి. (అదియైనను నియామకపత్రమును చదివియే సుమా!) వీవెన్‌గారి 'లేఖిని'ని చూడుడు: రోమను అక్షరములు కొట్టిన తెలుగై వచ్చును. తెలుగు మీటలు రానివా రెందఱో దానితో తెలుగు వ్రాయ నేర్చిరి.

ఈ యలవాటు కొలువునకు ముందే పట్టుపడవలెను. మన వసతిగృహములో కంప్యూటర్ల గదికి రాత్రి తొమ్మిదింటికే తాళము పడుచున్నది. దానిని పదునొకండు గంటలవఱకు తెఱచియుంచుటకును, విద్యార్థివేతన నిధిలో కొంత యంత్రములకు ప్రత్యేకించుటకును నేడే తీర్మానింప మేము ప్రార్థించుచున్నాము.